వీపుకు అంటిన సున్నం

నా దగ్గర ఇరవై రెండు డైరీలు ఉన్నాయి. కంచన్‌బాగ్‌లో ఒక కర్మాగారపు స్టోర్సు విభాగంలో ఉద్యోగం చేసినవాణ్ని. రాసిపెట్టని వస్తువు లేని వస్తువుతో సమానమన్న క్రమశిక్షణ నాకు అక్కడే అబ్బింది. వాన మొదలైన వేళ, నల్లా వచ్చిన వేళ, బస్సు రాని రోజు, సైకిలు టైరు మార్చిన రోజు, అన్నీ వాటిలో ఉన్నాయి. మొదటి పద్నాలుగింటిలో, ప్రతి ఏడూ బోనాల ముందు, ఇంటికి సున్నాలు వేయించిన వారంలో, ఇంచుమించు ఒకే మాటలతో ఒక ఫిర్యాదు కూడా ఉంది. "వంటింటి గోడ సున్నము చొక్కా వీపునకు అంటినది. సున్నము వేసినవానిని మందలించవలెను." మరునాటి పుటలో: "మందలించితిని."

పద్నాలుగేళ్లు మందలించాను. మొఘల్‌పురా నుంచి బకెట్టూ కుంచెలూ సైకిలుకు కట్టుకుని వచ్చే ఆ మనిషి పద్నాలుగేళ్లూ తల వంచుకుని విన్నాడు. ఒక్కసారైనా ఎదురు చెప్పలేదు. ఆ ఫిర్యాదులు అన్యాయమైనవని రుజువైంది కదా అని వాటిని కొట్టివేయడం రికార్డు పద్ధతి కాదు. పక్కన సవరణ రాయాలి. ఇది ఆ సవరణ.

అరవైల చివర, పెళ్లయిన కొత్తలో, లాల్‌దర్వాజాలో ఒక సన్నని సందులో రెండు గదుల వాటా అద్దెకు తీసుకున్నాం. వంటిల్లు చిన్నది. పెరటి తలుపులోంచి ఉదయం ఏడింటికి ఎండ వచ్చి ఎదుటి గోడ మీద గంటసేపు నిలిచేది. నేను ఆ గోడకు వీపు ఆనించి, పీట మీద కూర్చుని అన్నం తినేవాణ్ని. నా భార్య ఎదురుగా పొయ్యి దగ్గర కూర్చుని వడ్డించేది. మాట్లాడేది తక్కువ. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆమె ఏం చదివేదో, ఏం రాసేదో నేనెన్నడూ అడగలేదు. అడిగినట్టు ఏ డైరీలోనూ లేదు.

ఎనభైల మొదట్లో, చైత్రంలో, ఆమె పోయింది. పెద్ద జబ్బు. మాకు తెలిసిన నాలుగు నెలలకే ముగిసింది. మైల ఉన్న ఇల్లు గనుక ఆ ఏడు బోనాలకు సున్నం వేయించలేదు. సంవత్సరీకం దాకా, ఆపైన మరో రెండు నెలలూ, పక్క సందులో ఉన్న మా అక్క నాకు క్యారియరు పంపింది. ఆ తరువాత, ఇక చాలు, నా వంట నేనే చేసుకుంటానని చెప్పాను.

మొదటిరోజు పొద్దున పొయ్యి ముందు, ఆమె కూర్చునే చోట కూర్చున్నాను. పోపుల డబ్బా తెరిస్తే ఆవాల గిన్నెలో, నేనెప్పుడో పారేసిన పెన్సిలు ముక్క ఉంది. తినే వస్తువుల్లో ఇదేం అశుభ్రమని విసుక్కుంటూ తల ఎత్తాను. ఎదుటి గోడ మీద ఎండ పడింది. నేను పద్నాలుగేళ్లు వీపు ఆనించిన చోట, సరిగ్గా నా వీపంత జాగాలో, పచ్చని సున్నం మీద సన్నని పెన్సిలు రాత ఉంది.

అరిగి అరిగి సబ్బు
ఆకంతైంది.
నీళ్లల్ల జారింది.
చెయ్యి ఇంక దేవులాడుతనే ఉన్నది.

అన్నం మాడింది. ఆ సంగతి డైరీలో ఉంది. కవిత కూడా ఎత్తిరాసుకున్నాను. తరువాత దగ్గరికి వెళ్లి చూస్తే, రాతకు కింద ఒక మూల పెచ్చు రాలి ఉంది. పచ్చరంగు కింద గులాబీ రంగు. ఆ గులాబీ మీద పెన్సిలుతో రాసిన ఒక సగం అక్షరం.

గులాబీ ఏ ఏటిదో నాకు తెలుసు. సున్నంలో ఏ ఏడు ఏ రంగు పొడి కలిపారో నేను రాసిపెట్టాను. పచ్చ, దాని కింద గులాబీ, దాని కింద తెలుపు, తరువాత ఆకుపచ్చ, నీలం, ఇలా పద్నాలుగు పొరలు. ఒక్కొక్క పొర మీద ఒక్కొక్క ఏటి రాత ఉండి తీరాలి. నేను వాన వేళలు రాస్తూ కూర్చున్న పద్నాలుగేళ్లు ఆ గోడలో ఉన్నాయి.

ఆ వారంలోనే ఇంటి యజమానురాలు వచ్చింది. వయసు మళ్లిన మనిషి, పక్క వాటాలోనే ఉండేది, మాట కరుకు.

"సారు, ఈసారి సున్నం గిన్నం లేదు. బోనాలకు నెల రోజులున్నది. మొత్తం గీకిచ్చి సిమెంటు కొట్టిస్తున్న. మేస్త్రీకి మాటిచ్చిన."

"వంటింటి గోడ ఒక్కటి వదిలేయండి," అన్నాను.

"గా ఒక్క గోడ ఎందుకు ఇడుస్త? గోడకు జొరమొచ్చిందా ఏంది?"

కారణం చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర రుజువుగా ఉన్నది నాలుగు పంక్తులు. నెల రోజుల్లో పద్నాలుగు పొరలు చదవాలని ఆ సాయంత్రమే నిర్ణయించుకున్నాను. పై పొర తీస్తేనే కింది పొర కనిపిస్తుంది. తీసిన పొర మిగలదు. ఆమె చివర రాసినదాన్ని చెరిపితే తప్ప అంతకుముందు రాసినది చదవలేను. ఎత్తిరాసుకున్నాను గదా అని ధైర్యం చెప్పుకున్నాను.

ఆదివారం పొద్దున, స్టోర్సులో తుప్పు పట్టిన డబ్బాల మీద చీటీలు గీకిన అనుభవం ఉందన్న అహంకారంతో, కత్తి తీసుకుని మొదలుపెట్టాను. పచ్చ పొర పిండిలా రాలింది. దానితోపాటు గులాబీ కూడా రాలింది. కంగారుపడి ఇంకాస్త గట్టిగా గీకాను. కింద తెల్లని పొర మీద నా కత్తి గాట్ల మధ్య ఒకే ఒక్క మాట మిగిలింది: "తలుపు". గులాబీ ఏటి కవిత మొత్తం, తెల్ల ఏటి కవితలో ఆ ఒక్క మాట తప్ప అంతా, నా మోకాళ్ల ముందు కుప్పగా పడింది. ఆ పొడిని ఒక డబ్బాలోకి ఎత్తాను. అదీ వ్యర్థమైన పనే.

కోపం వచ్చింది. ఎవరి మీదనో ఒకరి మీద చూపాలి గనుక, గోడకు సున్నం గట్టిగా అంటకుండా వేసిన మనిషి మీద వచ్చింది. సైకిలెక్కి మొఘల్‌పురా వెళ్లాను. అతను ఇంటి ముందు రాతి మీద కూర్చుని కుంచె నారను దారంతో బిగించి కడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఆయియే సాబ్. పద్నాలుగేండ్ల సంది ఇంట్ల తిట్టిన్రు. ఇయ్యాల మా గల్లీల తిట్టనికి వచ్చిన్రా?"

"నీ పని అంత నాసిగా ఉండకపోతే నా పని ఇలా నాశనమయ్యేది కాదు," అన్నాను. "ఇల్లంతా గట్టిగా ఉంది. ఆ ఒక్క చోటే పిండి రాలినట్టు రాలుతుంది. ఎందుకు?"

అతను దారం ముడివేసి, పళ్లతో తెంపి, అప్పుడు నా వైపు చూశాడు.

"గోందు కలపలే గనుక."

తుమ్మబంకనే అతను గోందు అంటాడు. సున్నంలో అది కలిపితేనే సున్నం గోడకు పట్టుకుంటుంది, బట్టలకు అంటదు. ఆ సంగతి నాకూ తెలుసు.

"ఇల్లంత కలిపిన సాబ్. గా ఒక్క జాగల కలపలే. పాత సున్నం గీకలే గూడ. ఆపా చెప్పింది." నా భార్యను అతను ఆపా అనేవాడు, అక్క అని. "భాయ్, గీడ గీకకు, పైకెంచి కొట్టు, గోందు ఎయ్యకు అన్నది. ఎందుకు ఆపా, రేపు సాబ్ నా మీద లొల్లి చేస్తడు గదా అన్న. చేయనీ, నువ్వు జర ఓర్సుకో అన్నది. మొదటేడు ఓర్సుకున్న. రెండో ఏడు ఓర్సుకున్న. తర్వాత అలవాటైంది."

"ఎందుకని చెప్పిందా?"

"గట్టిగ అతికితే ఎన్నడూ రాదు అన్నది. ఎవలన్న ఎన్నడన్న చూద్దామనుకుంటే ఒక్కొక్కటి ఊడి రావాలె అన్నది. ఏడాదికి ఒక్కటే రాస్తుండె సాబ్. జాగ గంతే గదా, మీ వీపంత." అతను నవ్వాడు. "సాబ్‌కు చూపియ్యవా ఆపా అని అడిగిన ఒకసారి. ఆయన ఎనకకు తిరిగి చూసిననాడు చూస్తడు అన్నది."

నేను అతని పక్కన రాతి మీద కూర్చున్నాను. కత్తితో ఏం చేశానో చెప్పాను. అతను నెత్తి పట్టుకున్నాడు.

"అరె సాబ్! కత్తితోని గీకుతరా? గది జంగు పట్టిన రేకు అనుకున్నరా?" కుంచె పక్కన పెట్టి లేచాడు. "నడువున్రి. ఇంకెన్ని పొరలున్నయి?"

"పదకొండు. తెల్లదాన్ని కూడా ఎత్తేయాలి గదా, అది కాక."

"పక్కా?"

"డైరీలో ఉంది."

"చలో, గా డైరీలు ఇన్నేండ్లకు ఒక పనికొచ్చినయి," అన్నాడు.

మాకు దొరికే వెలుతురు పొద్దున ఏడు నుంచి ఎనిమిది. ఆ గంట తరువాత నేను డ్యూటీకి, అతను తన పనికి. పద్ధతి ఇలా కుదిరింది. ముందు గోడ మీద ట్రేసింగు కాగితం పెట్టి, ఆమె రాతను రాత లాగానే, ఒంపులతో సహా దించుకునేవాణ్ని. ఏటినీ రంగునూ మూల వేసేవాణ్ని. అప్పుడు అతను తడిగుడ్డ పిండి ఆ జాగా మీద పరిచి, అరచేతితో అదిమి, లోపలే ఏదో లెక్కపెట్టుకుని తీసేవాడు. సన్నగా చీల్చిన వెదురుబద్దను పొర కిందికి పోనిచ్చి, గాలి ఊదినట్టు ఎత్తేవాడు. అరచెయ్యంత పెచ్చులు ఊడి వచ్చేవి. పట్టుకుంటే పిండైపోయేవి. కింద మరో రంగు, దాని మీద మరో ఏడు.

తెల్ల పొర పోయాక, దాని కింద వెలిసిన ఆకుపచ్చ మీద ఇది ఉంది.

పోయినేటి కొలతే అడిగిన.
గాజులాయన చెయ్యి జూసి
చిన్నయి తీసిండు.
రంగు మాత్రం నన్నే అడిగిండు.

ఆ ఏటి డైరీ తీసి చూశాను. ఆమె పోవడానికి మూడేళ్ల ముందు. చార్‌కమాన్ వైపు గాజులకు వెళ్లిన రోజు కూడా ఉంది. "భార్యతో బజారునకు వెళ్లి వచ్చితిని. ఎండ తీవ్రము. అందరము ఆరోగ్యము." అందరము అంటే ఇద్దరమే. ఆ ఇద్దరిలో ఒకరి చెయ్యి సన్నబడుతున్న సంగతి గాజులమ్మేవాడు చూశాడు, ఆమె చూసుకుంది, నేను ఎండను చూశాను. డాక్టరు ఆలస్యం చేశాడని నేను ఏడాదిపాటు అందరితో అన్నాను. ఆ మాట కూడా సవరించుకోవాలి.

ఆ తరువాతి నీలం పొర దగ్గర మాత్రం ఇద్దరమూ నవ్వాం.

నీలిమందు జర ఎక్కువైంది.
ఆరేసిన ధోతి
మొగులుల కలిసిపోయింది.
దండెం ఒక్కటే ఉన్నది.

"గీ ధోతి నాకు యాదికున్నది సాబ్," అన్నాడతను. "గది కట్టుకొని మీరు నన్ను తిట్టిన్రు. తిట్టు ఇంటుంటే నవ్వొచ్చింది. తల గందుకే వంచుకున్న."

ఇంకో పొర మీద గోడ గురించే రాసింది.

కాకి నీడ మీద
సున్నం కొట్టిండు.
పోలేదు.
కాకి లేసినంక పోయింది.

అది చదివి అతను బద్ద పక్కన పెట్టాడు. "నేను కొడుతుంటే చూసి రాసిందన్నట్టు," అన్నాడు. తన పని మీద ఒకరు కవిత రాశారని ఆ రోజు వాళ్ల గల్లీలో అందరికీ చెప్పాడట.

పన్నెండో రోజుకు పసుపుమట్టి కలిపిన పొర దాకా వచ్చాం. రేపు అది బయటపడుతుందనగా, అది ఏ ఏడో నాకు ముందే తెలుసు. మాకు పాప పుట్టి, మూడు నెలలుండి, పోయిన ఏడు. మరునాడు పొద్దున అతను వచ్చి తలుపు కొడితే, ఒంట్లో బాగాలేదని చెప్పి పంపించాను. ఆ మర్నాడూ అంతే. డైరీ తీశాను. ఆ రోజు పుటలో ఇలా ఉంది: "ఉదయము ఆసుపత్రి. మధ్యాహ్నము మూడింటికి తిరిగి వచ్చితిమి. వర్షము లేదు." ఆ తరువాత పుటల్లో నల్లా వేళలు. నేను ఆ విషయం గురించి ఇంట్లో మాట్లాడలేదు. మాట్లాడితే ఆమె ఏడుస్తుందని అనుకున్నాను. నా మౌనాన్ని ఆమె ఎలా భరించిందో, నన్ను ఏమని తిట్టుకుందో, ఆ పసుపు మీద ఉంటుంది. చదవకపోతే ఏమవుతుందన్న ఆలోచన వచ్చిందని దాచను. సిమెంటు పడితే అంతా సరి. ఆ ఆలోచన వచ్చినందుకు నా మీద నాకు వచ్చినంత కోపం, జీవితంలో ఇంకెవరి మీదా రాలేదు. మూడో రోజు ఆరున్నరకే తలుపు తెరిచి కూర్చున్నాను.

ఉయ్యాల తాడు ఇప్పేసిన్రు.
దూలానికి దాని జాడ
నున్నగ మిగిలింది.
పొద్దుగాల్ల ఎండ ఆడనే ఆగుతది.

నన్ను ఏమీ అనలేదు. నేను ఆ కవితలో లేనే లేను.

కాగితం దించడం సగంలో ఉండగా పెరటి తలుపులోంచి యజమానురాలు వచ్చింది. వెనక గమేళా, తాపీ పట్టుకుని మేస్త్రీ. ఇంకా వారం ఉందనుకున్నాను. అతనికి మధ్యలో వేరే పని దొరికిందని ముందే తీసుకొచ్చిందట.

"ఏంది సారు, దినాం గోడ గోకుతున్నరట! సున్నం తింటున్నరా ఏంది? లేవున్రి, ఆయనకు టైం లేదు."

"నేను లేవను," అన్నాను. "ఇంకా నాలుగు పొరలున్నాయి. ఇది నా భార్య రాసిన గోడ."

"రాసుడేంది? ఏమున్నది గందుల?"

ఆమెకు చదువు రాదు. నేను చదివాను. మొదటి వాక్యం చదవగానే ఆమె చెయ్యి చూపి ఆపింది.

"మల్ల సదువు."

మళ్లీ చదివాను. ఆమె దూలం వైపు తల ఎత్తి చూసింది.

"గా తాడు నేనే ఇప్పిన బిడ్డా. నీ పెండ్లాం చేతులు ఆడకపోతే, నేనే స్టూలెక్కి ఇప్పిన. యాదిపెట్టుకున్నదా?" కొంగుతో ముక్కు తుడుచుకుని మేస్త్రీ వైపు తిరిగింది. "ఏం చూస్తవ్? పో. పిలిచిననాడు రా."

"అమ్మా, మల్ల నేను దొరకను," అన్నాడు మేస్త్రీ.

"దొరకకుంటే నా గోడ గిట్లనే ఉంటది. నీకేం ఫికర్? పో!"

ఆ తరువాత రోజూ ఏడింటికి ముగ్గురం కూర్చునేవాళ్లం. ఆమె మాకు చాయ్ పెట్టి తెచ్చేది, ఊడిన ప్రతిదాన్నీ రెండుసార్లు చదివించుకునేది, కొన్నింటికి తల ఊపేది, ఒకదానికి "గిది నా మీదనే రాసింది" అని అలిగింది. నిజమే, అది ఆమె మీదనే.

చివరి పొర కట్టు తెలుపు, రంగు కలపనిది. మేం ఇంట్లోకి వచ్చిన మొదటి ఏటిది. కింద ఇక గచ్చు. ఆ రాత మిగతావాటికంటే పెద్దది, కొత్త చేతి రాత.

వాన ఎప్పుడొచ్చిందో
ఆయన రాసుకున్నడు.
ఎండవోసిన మిరపకాయలు తడిసి
ఎంత ఎర్రగైనయో నేను జూసిన.

మొదటి డైరీ తీశాను. ఉంది. "మధ్యాహ్నము రెండు గంటల పది నిమిషములకు వర్షము ప్రారంభము." మిరపకాయల మాట లేదు. ఆ పుటలో కింద రెండు అంగుళాల ఖాళీ ఉంది. నా జీవితంలో ఎన్నడూ పాత పుట మీద చెయ్యి పెట్టలేదు. ఆ రోజు పెట్టాను. ఆమె నాలుగు పంక్తులనూ అక్కడ రాసి, పక్కన సవరణ అని రాసి, సంతకం చేశాను. పాప పోయిన రోజు పుటలో కూడా అదే చేశాను. "వర్షము లేదు" అన్న మాటను కొట్టివేయలేదు. అది నిజమే. దాని కింద ఉయ్యాల తాడు ఉంది.

పద్నాలుగింటినీ ఒక బౌండు పుస్తకంలో, ఏటికి ఒక పుట చొప్పున, ఎత్తి రాశాను. ప్రతి పుట మూలా ఏ రంగో, ఏ ఏడో రాసి ఉంది. గులాబీ పుట ఖాళీ. తెల్ల పుటలో "తలుపు" అన్న ఒక్క మాట.

పుస్తకం చూసి సున్నం భాయ్ అన్నాడు: "రెండే గదా సాబ్. ఇన్ని చదివిన్రు, గట్లనే మీరే రెండు రాసి పెట్టున్రి. ఎవలకు తెలుస్తది?"

మందలించాను. పద్నాలుగేళ్ల తరువాత మొదటిసారి న్యాయంగా మందలించాను. అతను తల వంచుకోలేదు. "గట్లనే ఉండాలె. మీరు ఏమంటరో చూద్దామనే అన్న," అని నవ్వాడు. గులాబీ పుటలో ఇప్పుడు ఒక వాక్యం ఉంది: "ఇది ఉండెను. కత్తితో పోగొట్టినది నేను." ఆ పుట అలాగే ఉంటుంది. దాన్ని నింపడానికి ఎవరికీ, నాకు కూడా, హక్కు లేదు.

మేస్త్రీ బోనాలకు ఐదు రోజుల ముందు దొరికాడు. గోడకు సిమెంటు పడింది, ఆరింది, దాని మీద రంగు కూడా పడింది. బోనాల నాడు పొయ్యి మీద అన్నం దింపి, పీట పాత చోటనే వేసుకుని, గోడకు ఆనుకుని తిన్నాను. లేచి చొక్కా విప్పి, వెలుతురులో తిప్పి చూశాను. ఆ రోజు పుట ఇది:

"వంటింటి గోడ గట్టిగా ఉన్నది. చొక్కాకు ఏమియు అంటలేదు. రేపటి నుండి పీట ఇటు తిప్పి, పొయ్యి వైపు వీపుతో, గోడకు ఎదురుగా కూర్చుందును."